తుపాకిగొట్టము, గురి: దక్కను లోహచరిత్రలో ఒక విచారణ

వికారాబాదు సమీపమున నున్న అనంతగిరి గుట్టలపై నల్లరాతిపొరను కప్పుచు ఎఱ్ఱని రాతిమన్ను పరచుకొని యుండును. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని లాటరైటు అందురు. ఇనుపపాలు మిక్కుటమగుటచేత దాని కా వన్నె కలిగినది. మూసీనది పుట్టుట ఆ గుట్టలయందే. తాండూరువైపు పోయినచో సున్నపురాతి పలకలు కానవచ్చును. ఆ పలకలే నేడు తాండూరు బండలను పేర ఇండ్లలో పరవబడుచున్నవి. వికారాబాదను పేరు 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు సంస్థానమునకు ప్రధానమంత్రిగా నుండిన పాయిగా ప్రభువు వికారుల్ ఉమరాను బట్టి వచ్చినది. పాయిగా యనగా మొదట అశ్వశాల యని అర్థము. నిజాము కొఱకు సైన్యమును పోషించు బాధ్యతతో ఈ వంశమువారికి జాగీరు లీయబడెను. కాబట్టి ఈ సీమలో ఇనుము నేలలో నున్నది, సైన్యము పేరులో నున్నది. ఐనను 1874లో వాడి-సికిందరాబాదు రైలుమార్గము వికారాబాదు, తాండూరుల మీదుగా తెఱవబడు నాటికి, దక్కనులో గురికి పేరుపడిన తుపాకు లన్నియు సముద్రమునకు ఆవలి కర్మాగారములలో తయారైనవే.

ఇట్లు ఏల జరిగెను? ఈ ప్రశ్నకు మన చరిత్రరచనలలో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. మన కమ్మరులకు మేలైన లోహము లేకుండె ననుట మొదటిది. ఇది సత్యము గాదు. లోకప్రసిద్ధమైన ఉక్కు మనయొద్ద నుండెను గనుక మన తుపాకులును అంతటి మేలైనవే, పరాజయములకు రాజకీయమే కారణ మనుట రెండవది. ఇది స్వదేశాభిమానమువలన పుట్టిన మాట. తుపాకి గురి లోహపు మేలిమిపై మాత్రమే ఆధారపడదు. ఆ లోహమునందు తొలిచిన రంధ్రము మొదలునుండి మూతివఱకు ఒకే వ్యాసముతో, ఒకే సరళరేఖలో ఉన్నదా లేదా యనుటపై ఆధారపడును. ఉక్కుచరిత్ర వేఱు, గొట్టపుచరిత్ర వేఱు. ఈ రెంటిని కలిపి వ్రాయుట చాలకాలముగా సాగుచున్నది; వానిని విడదీయుటకే మే మిందు యత్నించుచున్నాము.

ముందుగా ఉక్కు మాట. నేటి నిజామాబాదు జిల్లాలో కమ్మరపల్లి మండలమున కోనసముద్రమను గ్రామము కలదు. మండలము పేరే ఆ చుట్టుపట్ల ఎవరి వృత్తి ప్రబలియుండెనో చెప్పుచున్నది. లాంబ్టను నడపిన భూమితిసర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్‌సీ ఈ గ్రామమునకు వచ్చి ఉక్కుపనిని కన్నులార చూచి వ్రాసిపెట్టెను. అతని వ్రాత 1832లో బంగాళ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. రెండు తావుల ఇనుములను మూడుపాళ్ళు, రెండుపాళ్ళుగా కలిపి, మట్టిమూసలలో పెట్టి, ఇరువదినాలుగు గంటలపాటు కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కుముద్దలు తీయుచుండి రని అతని వర్ణన. ఆ రెండింటిలో ఒకటి, అనంతగిరిపై మనము చూచిన ఎఱ్ఱరాతిమన్ను వంటి నేలలో దొరకెడి ఖనిజమునుండి తీసినదే. ఉక్కు కొనుటకై పారసీక వర్తకులు అంతదూరము వచ్చి కూర్చుండుచుండిరి. ఇంగ్లీషు పుస్తకములలో వూట్జు అని వ్రాయబడిన మాట మన ఉక్కు శబ్దమునకు వికృతియే. ఫారడే వంటి రసాయనశాస్త్రజ్ఞుడు 1819 మొదలు 1822 వఱకు ఈ ఉక్కు రహస్యమును ఛేదింప శ్రమించెను. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును కూడి ఉత్తర తెలంగాణమున జరిపిన క్షేత్రపరిశీలన ఈ పరిశ్రమ ఎంతటి విస్తారమైనదో వెల్లడించినది.

అయితే ఈ ఉక్కు కత్తికి కుదిరినట్లు గొట్టమునకు కుదురదు. దీనిలో బొగ్గుపాలు నూటికి ఇంచుమించు ఒకటిన్నర. కత్తి అంచునకు కావలసిన కాఠిన్యము ఆ బొగ్గువలననే వచ్చును. పెళుసుతనము వచ్చుటయు దానివలననే. ఎఱ్ఱకాకలో జాగ్రత్తగా సాగగొట్టినచో ఇది లొంగును. తెల్లకాకకు తెచ్చి సమ్మెటదెబ్బ వేసినచో పొడిపొడిగా రాలిపోవును. ఐరోపా కమ్మరులు మొదట ఈ ఉక్కుతో పనిచేయబోయి ఇట్లే చెడగొట్టుకొనిరి. నాటి తుపాకిగొట్టమో, ఇనుపపట్టీని కడ్డీచుట్టు చుట్టి, తెల్లకాకలో అంచులను కొట్టి అతికింపవలసినది. పైగా మందు పేలునప్పుడు కలుగు తాకిడిని ఓర్చుకొనవలెను. దీనికి మెత్తని, నారగల ఇనుము కావలెను గాని మూస ఉక్కు గాదు. గొట్టముపై నీటితరగలవంటి చాఱలు కనబడినంతనే అది కోనసముద్రపు ఉక్కని చెప్పుట తఱచైన పొరపాటు. ఆ చాఱలు అనేకస్థలములలో పట్టీలను మెలిపెట్టి అతికించుటవలన కలిగినవే. కత్తిమీది చాఱ మూసలోని ఉక్కు చల్లారుటలో పుట్టును. గొట్టముమీది చాఱ దాగలిమీద పుట్టును. వీనికి పోలిక కంటికి మాత్రమే.

గొట్టపుపనిని గూర్చి మనదేశమున దొరకెడి మంచి వర్ణన అబుల్ ఫజల్ వ్రాసిన ఆయినె అక్బరీలోనిది. అది ఉత్తరదేశపు రాజకర్మశాలను గూర్చినదైనను గొట్టము చుట్టు పద్ధతి దేశమంతట ప్రసిద్ధమైనదే గనుక ఇచట ఉపయోగించుకొనుచున్నాము. పూర్వము ఇనుపరేకును చుట్టి అంచున కంచు చేర్చి అతికెడివారు. అక్బరు కాలమున రేకును కాగితపు చుట్టవలె ఏటవాలుగా, పొరపై పొర వచ్చునట్లు చుట్టి అతుకుట మొదలైనది. లోపలిభాగమును నునుపుచేయుటకు ఎద్దు త్రిప్పెడి చక్ర మొకటి కల్పింపబడెను. ఒక్కమాఱే పదునాఱు గొట్టములు దానిచే శుభ్రపడుచుండెనట. ఇంతకంటె విలువైన వివరము వేఱొకటి కలదు. ప్రతి గొట్టముపైన ఇనుముయొక్క తూకము, అది వచ్చిన తావు, పనివాని పేరు, చేసిన చోటు, తేది, వరుససంఖ్య చెక్కుచుండిరి. ఎంత శ్రద్ధ! కాని ఆ పట్టికలో తూకమున్నది, రంధ్రపు వ్యాసము లేదు. గొట్టమును మూతివఱకు మందుతో నింపి కాల్చినను పగులదని అబుల్ ఫజలు గర్వముతో చెప్పుచున్నాడు. ఆ కర్మశాలకు మంచి గొట్టమనగా పగులని గొట్టము.

గోలకొండ విషయమునను ఇదే కనుపించును. పదునేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే, గోలకొండ కాలిబంటుల తుపాకిగొట్టములు తమ దేశపు వానికంటె గట్టివనియు, ఇనుము మేలైనదియు శుభ్రమైనదియు నగుటచే పగులవనియు మెచ్చుకొనెను. ఆ కాలముననే 1666-67 ప్రాంతమున ప్రయాణము చేసిన తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు విస్తారముగా తయారై దేశమంతట అమ్ముడగుచుండె నని వ్రాసెను. మన లోహమునకు విదేశీయు లిచ్చిన ఈ యోగ్యతాపత్రములను పలువురు ఉదాహరించుచుందురు. చదువరులు ఒక్కమాట గమనింపవలెను. టవెర్నియే మెచ్చినది గట్టితనమును. గురిని గూర్చి అతడేమియు అనలేదు. పగులకుండుట ఇనుపగుణము, గురితప్పకుండుట రంధ్రగుణము.

అక్బరు 1568లో చిత్తూరుగఢముకడ సంగ్రామమను తన తుపాకితో కోటలోని జయమల్లుని కొట్టినకథ ప్రసిద్ధము. అట్టి కథలు మన సంస్థానచరిత్రలలోను కొల్లలు. కాని ఒక గుండు లక్ష్యమును తాకుట కాల్చినవాని అదృష్టమునకు, ఒక్కొక్కప్పుడు నేర్పునకు సాక్ష్యమగును; గొట్టమునకు గాదు. తుపాకిని కదలకుండ బిగించి పదిమాఱులు కాల్చినప్పుడు పది గుండ్లును ఎంత దగ్గఱదగ్గఱగా పడినవో అది గొట్టమునకు సాక్ష్యము.

గుండు దారితప్పుటకు కారణమును శాస్త్రీయముగా మొదట చెప్పినవాడు ఇంగ్లండు గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. ఇతని ఫిరంగిశాస్త్రగ్రంథము 1742లో వెలువడెను. నాటి ఇంగ్లీషు సిపాయి తుపాకి రంధ్రము ముక్కాలు అంగుళము, గుండు దానికంటె అంగుళములో ఇంచుమించు పదునాఱవ వంతు చిన్నది. పొగమసి పేరుకొన్నను గుండు త్వరగా లోనికి దిగుటకై ఆ సందు విడుచుచుండిరి. ఆ సందువలన గుండు గొట్టపుగోడలను అటునిటు తాకుచు, కడపట తాకినవైపును బట్టి ఏదో ఒక దిక్కున తిరుగుడు పొంది బయటపడును. తిరుగుచున్న గుండును గాలి ఒకవైపునకు నెట్టును. దీనిని నిరూపించుటకు రాబిన్స్ ఒక తుపాకిగొట్టపు మూతిని ఎడమకు వంచి కాల్చెను. గుండు మొదట ఎడమకే పోయి, దూరము పోయినకొలది కుడికి మళ్ళినది. గొట్టములో సుడిగాడులు చెక్కి గుండునకు ముందుగానే ఒక నియతమైన తిరుగు డిచ్చినచో ఈ చాంచల్యము పోవునని అతడు 1747లో ప్రకటించెను. ఇట్టి తుపాకుల రహస్యమును గ్రహించిన రాజ్యము తక్కిన రాజ్యములపై ఆధిక్యము పొందు నని జోస్యమును చెప్పెను. ఈ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల నిర్మాణమునకై మన దక్షిణదేశమునకే వచ్చి, 1751 జూలైలో కడలూరుకడ సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముచే మరణించెను. అతడు చెప్పిన శాస్త్రము ఈ తీరమున నున్న ఏ కర్మశాలకును అందలేదు. కంపెనీ సేనలకును అప్పుడే అందలేదు.

సుడిగాడులు రాబిన్స్ కల్పించినవి గావు. జర్మనీదేశపు పనివారు అంతకు రెండువందల యేండ్లకు పూర్వమే వానిని చెక్కుచుండిరి. వేటకు అవి వాడబడెను, యుద్ధమునకు వ్యాపింపలేదు. కారణము స్పష్టము. ఒక గొట్టమున గాడులు చెక్కుటకు నేర్పరి యొకడు చాలును. లక్షగొట్టములలో ఒకే లోతున, ఒకే మెలికతో చెక్కుటకు కొలత కావలెను, ఆ కొలతను తప్పని యంత్రము కావలెను.

ఈ విషయమున మాంచెస్టరుకు చెందిన జోసెఫ్ విట్‌వర్తు చేసిన పరీక్ష కొంత వివరముగ చెప్పదగినది. 1850 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు ప్రభుత్వమువారు తుపాకులు చేయు యంత్రములను గూర్చి ఇతని నడిగిరి. ఇతడు తుపాకిపనివాడు గాడు, కొలతపనివాడు. అంగుళములో పదిలక్షలవ వంతు భేదమును చూపెడి కొలతయంత్రమును నిర్మించినవాడు. మంచి గొట్టమునకు ఏది కారణమో తెలియకుండ మంచి యంత్రమును చెప్పజాలనని, ముందుగా తన ఇంటి ఆవరణములో 500 గజముల పొడవుగల కప్పుదారి కట్టించి, గాలి సోకకుండ గుండ్లు కాల్చి చూచెను. నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు రంధ్రము 0.577 అంగుళము, మూడు గాడులు, 78 అంగుళములకు ఒక చుట్టు. విట్‌వర్తు రంధ్రమును 0.451 అంగుళమునకు తగ్గించి, ఆఱుకోణములుగ మలచి, 20 అంగుళములకే ఒక చుట్టు తిరుగునట్లు చేసెను. 1857లో జరిగిన పరీక్షలో 500 గజముల దూరమున ఎన్‌ఫీల్డు గుండ్ల సగటు తొలగింపు 2.24 అడుగులు, విట్‌వర్తుది 0.37 అడుగు. కాల్చినవారి నేర్పు మాఱలేదు, దూరము మాఱలేదు. మాఱినది గొట్టము, దానికి తగినట్లు గుండు. ఐనను వ్యయ మధికమనియు, సన్నని రంధ్రము మసితో పూడుకొనుననియు సైన్యమువా రా రైఫిలును విడిచిరి. గురి యొక్కటే తుపాకిగుణము గాదనుటకు ఇదియు నిదర్శనమే.

ఈ దృష్టితో చూచినప్పుడు హైదరాబాదులో రేమాను నెలకొల్పిన తోపుల కర్మశాల స్థానము కొంత తేటపడును. ఫ్రెంచి సేనాని మిషెల్ జోయాకిం రేమాను నిజాము కొలువున 1795లో దానిని స్థాపించెను. అది ఫిరంగులను, గుండ్లను పోతపోసినది. జనులు దానికి పెట్టిన పేరు తోప్‌కా సాంచా. అనగా తోపు అచ్చు. ఐరోపాలో అప్పటికే ఫిరంగిని ఘనముగా పోసి, పిదప యంత్రముతో నడిమిని తొలుచు పద్ధతి వ్యాపించియుండెను. పేరునుబట్టి పద్ధతిని నిర్ణయించుట తగదు గాని, జనులనోట నిలిచిన మాట అచ్చే యనుట గమనింపదగినది. రేమాను 1798 మార్చిలో మరణించెను. ఆ అక్టోబరులోనే అతని సేన నిరాయుధముగ చేయబడెను. అటుపిమ్మట గొట్టమును తొలుచు విద్య ఇచట వేళ్ళూనుటకు వలసిన అవకాశమే లేకపోయెను.

ఇక ఈ విషయమున మిక్కిలి బాధాకరమైన అధ్యాయము 1857 తరువాతిది. ఎన్‌ఫీల్డు తూటా ఆ తిరుగుబాటునకు నిమిత్తమైన కథ అందఱును ఎఱుగుదురు. తరువాత జరిగినది అంతగా తెలియదు. తిరుగుబాటు అణగిన పిమ్మట దేశీయ సిపాయిల కీయవలసిన తుపాకులకై 1858లో ఒక క్రొత్త మాదిరి నిర్ణయింపబడెను. అది చూపునకు ఎన్‌ఫీల్డే. లోపలి సుడిగాడులను తొలిచివేసి, రంధ్రమును 0.577 నుండి 0.656 అంగుళమునకు పెంచి నునుపుచేసిరి. తొలిచినందున గోడ పలుచనై గొట్టము సులభముగ నొక్కుపడుచుండుటచే మఱుసటి యేడు మందపుగొట్టముతో మఱియొక మాదిరి వచ్చెను. ఒక యంత్రశాల ఎంతో శ్రమపడి సాధించిన గురిని మఱియొక యంత్రశాల శ్రమపడి తీసివేయుట! గురి గొట్టములోనే ఉన్నదని పాలకులకు ఎంత నిశ్చయముగా తెలిసెనో చెప్పుటకు ఇంతకంటె ప్రమాణము వలదు. ఇరువదవ శతాబ్దిలో రక్షకభటులకై లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్ళను 0.410 అంగుళపు గాడులులేని తుపాకులుగ మార్చుటయు ఈ పద్ధతికి కొనసాగింపే. 1878 నాటి ఆయుధశాసనము గ్రామములలోని తుపాకిపనిని అనుమతిపత్రములకు లోబఱచినది. 1904లో బంగాళములోని ఈశాపూరు కర్మాగారమున రైఫిళ్ళ తయారీ ఆరంభమైనను ఆ విద్య ప్రభుత్వపు గోడల లోపలనే నిలిచినది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు గైకొనుటను చరిత్రకారులు సాహసకృత్యముగ వర్ణింతురు. అది సాహసమే. మా దృష్టికి అది లోహచరిత్రలోను ఒక ఘట్టము. విల్లు, బాణము మన్యమున చేయవచ్చును. తుపాకిగొట్టమును ఠాణానుండియే తేవలెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటరు అను ఇద్దఱు అధికారులు కూలినప్పుడు మన్యపువీరులకు తోడ్పడినది ఇరుకుదారి. లక్ష్యము దగ్గఱకు వచ్చినచో గొట్టపులోపము కొంత కప్పుపడును. కొండమలుపు చేసిన మేలది.

తెలంగాణ సాయుధపోరాటమున ఈ భేదము ఇంకను స్ఫుటము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు కూలిననాడు ఊరేగింపులోని రైతులచేత నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. 1947 సెప్టెంబరులో సాయుధపోరాటమునకు పిలుపు వచ్చినపిమ్మట పల్లెలలో ప్రధానముగ కనుపించినది భర్మారు. ఈ మాట ఉర్దూనుండి వచ్చినది. మూతినుండి మందు నింపి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి కాల్చు తుపాకి అని భావము. అడవిపందులనుండి చేను కాచుకొనుటకు, వేటకు ఊళ్ళలో నిలిచిన తుపాకి యది. గొట్టము నునుపు, గుండునకు రంధ్రమునకు నడుమ సందు, ప్రతిమాఱు మందు చేతికొలతయే. కొన్ని పదుల గజములు దాటినచో ఎక్కడ తాకునో కాల్చినవానికే తెలియదు. ఎదుట .303 రైఫిలు వందలగజముల దూరమునుండి నిలుకడగా తాకగలదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత 1951 అక్టోబరు వఱకు సాగిన ఆ పోరాటమున గెరిల్లాలు అడవిని, రాత్రిని ఏల ఆశ్రయించిరో రాజకీయవ్యూహముతోబాటు ఈ గొట్టపులెక్కనుబట్టియు చదువవలెను. నిజాము ప్రభుత్వమునకైనను స్వంత గొట్టములు లేవు. 1948లో సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రహస్యముగ విమానములలో ఆయుధములు చేరవేయవలసివచ్చెను.

నేటి గొట్టములయందు సూత్రము మాఱలేదు, సూక్ష్మత పెరిగినది. ఘనమైన ఉక్కుకడ్డీని లోతుగ తొలిచి, లోపలిని సరిచేసి, సుడిగాడులను కోతతోనో, ఒత్తిడితోనో, బయటినుండి సుత్తిదెబ్బలతోనో ఏర్పఱతురు. లోహములో మిగిలిన బిగువును కాచి తీయకున్నచో గొట్టము వేడెక్కినకొలది వంగి గుండ్లు ఒకవైపునకు జరుగును. మూతి అంచు ఒకప్రక్క ఏమాత్రము అరిగినను, వెలువడు వాయువు గుండును ఒకప్రక్కనుండి ముందుగా వదలి దారి మళ్ళించును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచిన పదిమీటరుల గాలిరైఫిలు పోటీలో, పది అంకెగల బిందువు వ్యాసము అర మిల్లీమీటరు. అంత చిన్న బిందువును మరలమరల తాకుటకు మనుష్యుని ఊపిరి ఎంత నిలకడగా నుండవలెనో గొట్టపు రంధ్రమును అంతటి నిలకడతో నుండవలెను.

పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. 1951లో ఏర్పడిన సాలార్జంగు ప్రదర్శనశాలలోను, తక్కిన ఆయుధసంగ్రహములలోను పాత తుపాకులు గలవు. సాధారణముగా ఇట్టి తుపాకుల వర్ణనలలో పిడిపై దంతపుపని, గొట్టముపై బంగారుపూత, శాసనముల పాఠము విస్తరముగ నుండును. రంధ్రమును మొదట, నడుమ, మూతికడ మూడుచోట్ల కొలిచి, మూడు అంకెలను వేఱువేఱుగ వ్రాయవలెను. గొట్టమునకు అడ్డముగ గాక నిడివిగ వెలుగు పంపి రంధ్రము ఎంత వంకరగ నున్నదో గుర్తింపవలెను. అతుకు నిలువుగ నున్నదో, చుట్టుగ నున్నదో చూడవలెను. వీనికి తోడు పల్లెలలో కమ్మరివృత్తి యెఱిగిన వృద్ధులనుండి కొలిమి, మూస, దాగలి, బరమాలకు సంబంధించిన పదములను ఊరివారీగా సేకరింపవలెను. తొలుచుపనికి, సాగగొట్టుపనికి ఎన్నెన్ని మాటలున్నవో లెక్క తేల్చవలెను. తెలుగుశాఖ విద్యార్థులు తమ కొలతలను, పదములను లోహశాస్త్రము చదివినవారి ముందుంచి, ఈ రెండవ పనిని అనంతగిరి చుట్టుపట్ల గ్రామములనుండియే ఆరంభింపవచ్చును.